‘క్యానీ’ అనే ఇంగ్లిష్ మాటను అర్థం చేసుకోవడం, వాడటం ఎలా? – సమగ్ర మార్గదర్శి

ఇంగ్లిష్ పేపర్లలో బిజినెస్ పేజీ తిరగేసేవాళ్లకి ‘క్యానీ ఇన్వెస్టర్’ అన్న మాట తరచూ తగులుతుంది. రాజకీయ విశ్లేషణల్లో ‘క్యానీ ఆపరేటర్’ అంటారు, ఆటల పేజీలో ‘క్యానీ కెప్టెన్’ అంటారు. నిఘంటువు తీస్తే తెలివైన, జాగ్రత్త గల, యుక్తి గల అంటూ మూడు నాలుగు అర్థాలు వరసగా ఉంటాయి. చదివేటప్పుడు వాటిలో ఏదో ఒకటి పెట్టుకుంటే వాక్యం నడిచిపోతుంది. చిక్కంతా మనం రాయాల్సి వచ్చినప్పుడే. ‘తెలివైన’ అన్నదొక్కటే గుర్తుపెట్టుకున్న విద్యార్థి, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే స్నేహితుణ్ణి ‘క్యానీ స్టూడెంట్’ అని రాస్తాడు. ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లు అది చదివితే, ఆ కుర్రాడు ఏ ప్రశ్నలు వస్తాయో ముందే పసిగట్టి, వాటినే చదివి గట్టెక్కే రకమేమో అనుకుంటారు. స్నేహితుడి చదువును పొగడబోతే వేరే మనిషి బొమ్మ తయారైంది.

ఈ మాటను నోట్లోకి, కలంలోకి తెచ్చుకోవడానికి నేను పిల్లలకి చెప్పే దారి ఇది. తొందరలో ఉన్నవాళ్లు మూడు, నాలుగు అడుగులు చదివినా పని జరుగుతుంది. కానీ ఏడో అడుగు వదిలేయకండి, ఈ మాటలోని అసలు రుచి అక్కడుంది.

మొదటి అడుగు: పలకడం

స్పెల్లింగులో సి, ఎ తర్వాత రెండు ఎన్‌లు, చివర వై. రెండు ఎన్‌లు కనపడగానే మన నాలుక ‘క్యాన్నీ’ అని ఒత్తి పలకబోతుంది. తెలుగులో ఒత్తు ఉందంటే పలకాల్సిందే కదా. ఇంగ్లిష్‌లో ఆ రెండో ఎన్ పలకడానికి కాదు, ముందున్న అచ్చు పొట్టిదని చెప్పడానికి ఉంది. కాబట్టి ‘క్యానీ’ అని తేలిగ్గా, మొదటి అక్షరం మీద బరువు పెట్టి పలకండి. తెలుగులో రాసేటప్పుడు ‘క్యా’ తప్పకుండా ఉంచండి. ‘కానీ’ అని రాస్తే చదివేవాళ్లు వాక్యం ఎటో మలుపు తిరగబోతోందని ఎదురుచూస్తారు.

రెండో అడుగు: పుట్టుక తెలుసుకోవడం

దీని మూలం మనకి రెండో తరగతిలోనే పరిచయమైన ‘క్యాన్’. ‘ఐ క్యాన్’ అంటే ‘నేను చేయగలను’ అని నేర్చుకున్నాం. పాత ఇంగ్లిష్‌లో దీని మూలక్రియ ‘కున్నన్’కి ‘తెలుసు, ఎలా చేయాలో తెలుసు’ అని అర్థం. తెలిసినవాడే చేయగలడు, అందుకే తెలియడం నుంచి చేయగలగడం వచ్చింది. స్కాట్లాండ్‌లో ఇప్పటికీ ‘నాకు తెలుసు’ అనడానికి ‘ఐ కెన్’ అంటారు. ఆ ‘కెన్’ కూడా ఈ వంశంలోదే. ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్, గ్రీకు, సంస్కృత మాటలన్నీ కలిసే ఒక మూలధాతువు దగ్గర ఆగుతాం. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘జ్ఞానం’ ఆ ధాతువు సంతానమే. అంటే ‘క్యానీ’కి, ‘జ్ఞాని’కి దూరపు చుట్టరికం ఉంది.

16వ శతాబ్దం చివర్లో స్కాట్లాండ్ ఇంగ్లిష్‌లో ఈ మాట రాతల్లోకి వచ్చింది. అదే వంశంలో పుట్టిన ‘కన్నింగ్’ కూడా మొదట నేర్పు, విద్య అనే అర్థంలోనే ఉండేది. పోనుపోను దానికి మోసం, కుయుక్తి అనే మసి అంటుకుంది. ‘క్యానీ’కి ఆ మసి అంటలేదు. ఒకే ఇంట్లో పుట్టిన ఈ రెండింటి మధ్య తేడా పట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

మూడో అడుగు: రెండు ప్రశ్నలు వేసుకోవడం

ఒక మనిషిని గానీ, ఒక పనిని గానీ ‘క్యానీ’ అనబోయే ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: లాభం ఎక్కడుందో పసిగట్టడంతో పాటు, దెబ్బ ఎటునుంచి తగలొచ్చో కూడా చూసుకున్నాడా?

రెండు: ఎవర్నీ మోసం చేయకుండానే ఆ పని చేశాడా?

రెండింటికీ అవునని జవాబు వస్తే ‘క్యానీ’ నిస్సందేహంగా సరిపోతుంది. మొదటి ప్రశ్నలో ఒక సగమే ఉంటే వేరే మాట వెతకాలి. లాభం పసిగట్టాడు గానీ జాగ్రత్త లేదంటే అది సాహసం. జాగ్రత్త ఉంది గానీ లాభం మీద కన్ను లేదంటే ఒట్టి ముందుజాగ్రత్త.

ఇంగ్లిష్ బిజినెస్ పేజీల్లో ఈ విశేషణంతో తరచూ కనిపించే పేరు అమెరికన్ ఇన్వెస్టర్ వారెన్ బఫెట్‌ది. ఎందుకంటారో ఒక్క ఒప్పందం చూస్తే తెలుస్తుంది. 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాంకు కుప్పకూలింది, అమెరికా బ్యాంకులన్నీ డబ్బు కోసం అల్లాడుతున్నాయి. ఆ నెల్లోనే బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే, గోల్డ్‌మన్ శాక్స్ అనే ఇంకో పెద్ద బ్యాంకులో 500 కోట్ల డాలర్లు పెట్టింది. అందరూ పారిపోతుంటే ముందుకొచ్చాడు కాబట్టి ధైర్యవంతుడు అని ఊరుకోవచ్చు. ఒప్పందం చదివితే వేరే సంగతి కనపడుతుంది. ఆయన మామూలు షేర్లు కొనలేదు. ఏటా 10 శాతం డివిడెండ్ ఇచ్చే ప్రిఫరెన్స్ షేర్లు తీసుకున్నాడు. మామూలు వాటాదారులకి ఇవ్వడానికి ముందు ఆయనకివ్వాలి. దాంతో పాటు, ఐదేళ్లలో ఎప్పుడైనా ఒక్కో మామూలు షేరును 115 డాలర్లకి కొనుక్కునే హక్కు రాయించుకున్నాడు. అప్పటి మార్కెట్ ధర కంటే అది తక్కువ. గోల్డ్‌మన్ తిరిగి చెల్లించాలనుకుంటే 10 శాతం అదనంగా ఇవ్వాలన్న షరతూ ఉంది. 2011లో గోల్డ్‌మన్ 550 కోట్ల డాలర్లు ఇచ్చి ఆ ప్రిఫరెన్స్ షేర్లను వెనక్కి తీసుకుంది. షరతులన్నీ కాగితం మీద బాహాటంగానే ఉన్నాయి, మోసం ఏమీ లేదు. అవతలివాళ్లకీ ఆ డబ్బు, ఆ పేరు అవసరమే. కింద పడినా దెబ్బ తగలకుండా పరుపు వేసుకుని మరీ దూకాడు. ఇంగ్లిష్‌వాళ్లు ‘క్యానీ’ అనేది సరిగ్గా దీన్నే.

నాలుగో అడుగు: ఇరుగుపొరుగు మాటల నుంచి వేరు చేయడం

నిఘంటువులో పర్యాయపదాలుగా కనిపించే మాటలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకోవడానికి కాదు. ఒకే సందర్భం తీసుకుని, అందులో ఒక్కో వివరం మారుస్తూ చూద్దాం. హైదరాబాద్‌లో ఒకాయన ఫ్లాట్ కొనాలనుకుంటున్నాడు అనుకోండి.

రెరా నంబరు, అంటే ప్రభుత్వ రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్, రాకముందే సగం ధరకి ఇస్తామంటూ వచ్చిన ప్రీలాంచ్ ఆఫర్ చూసి, ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని వదిలేశాడు. ఇంకో ఫ్లాట్ చూసుకుని, దాని మీద అప్పులూ తనఖాలూ ఉన్నాయేమో చెప్పే ఈసీ తీయించాడు, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించాడు, బ్యాంకు లోను మంజూరయ్యాకే బయానా ఇచ్చాడు. ఇతను ప్రూడెంట్. మనం ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అనుకునే మనిషి.

ఇంకొకాయన బిల్డరు ఆఫీసులో కూర్చుని మాటల్లో మాటగా సంగతి లాగాడు. మార్చి నెలాఖరులోగా బ్యాంకుకి కట్టాల్సిన మొత్తం ఏదో ఉందని, ఇంకా నాలుగు ఫ్లాట్లు మిగిలిపోయాయని పసిగట్టాడు. ఇతను ష్రూడ్. ఎదుటివాడి మనసులో ఏముందో, ఎక్కడ నొక్కితే లొంగుతాడో చదవగల చూపు ఇది. ఆ చూపులో కొంచెం కరకుదనం ఉంటుంది.

మూడో ఆయన ఈ రెండూ చేశాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకుని, మార్చి 28న వెళ్లి, ‘మొత్తం ఒకేసారి ఇస్తాను, ధర ఇంత తగ్గించండి, కారు పార్కింగ్ అగ్రిమెంటులో రాయండి’ అన్నాడు. ఇదిగో, ఇతను క్యానీ.

నాలుగో ఆయన ఒక పాత అపార్ట్‌మెంటులో రీసేల్ ఫ్లాట్ కొంటూ, పక్కనే మెట్రో స్టేషన్ రాబోతోందన్న సంగతి తెలిసినా, అమ్మే ముసలాయనతో ‘ఈ ఏరియా పడిపోతోందండీ’ అని అబద్ధం చెప్పి తక్కువకి కొట్టేశాడు. ఇతను కన్నింగ్. ఇతన్ని క్యానీ అంటే ఆ మాటకి అన్యాయం చేసినట్టే.

అస్ట్యూట్ అన్నది ఇంకాస్త మర్యాదస్తుల మాట. పరిస్థితిని లోతుగా, త్వరగా అర్థం చేసుకునే బుద్ధిని మెచ్చుకుంటుంది, స్వలాభం ప్రస్తావన ఉండక్కర్లేదు. ‘అస్ట్యూట్ అబ్జర్వేషన్’ అంటారు, ‘క్యానీ అబ్జర్వేషన్’ అరుదు. థ్రిఫ్టీ అంటే పొదుపరి, అంతే. పొలిటిక్ అన్నదొకటుంది, ఇప్పుడు తక్కువగా వాడతారు. ‘నొప్పించక, తానొవ్వక’ తప్పించుకు తిరిగే నేర్పుకి అది చక్కగా సరిపోతుంది. శావీ మాత్రం ఈ కాలంలో ఎక్కువగా వినపడే మాట, ఫలానా రంగం లోతుపాతులు తెలిసినవాడని చెప్పడానికి ‘టెక్ శావీ’లా జోడించి వాడతారు.

ఐదో అడుగు: తెలుగులో జోడీ వెతకడం

ఇంగ్లిష్ నుంచి అనువదించేటప్పుడు క్యానీకి ఒకే తెలుగు మాట ఖాయం చేసుకోకండి. మనిషి గురించి మెచ్చుకోలుగా అంటే ‘లౌక్యం తెలిసినవాడు’ చాలాసార్లు కుదురుతుంది. మాటకారితనం, బేరం ఉన్నచోట ‘గడుసు’ బాగుంటుంది. ‘ఆమె గడుసుది’ అన్నప్పుడు మెచ్చుకోలూ, చిన్న జంకూ రెండూ ఉంటాయి. క్యానీలోనూ ఆ రెండూ ఉన్నాయి. నిర్ణయం గురించైతే ‘ఆచితూచి వేసిన అడుగు’ అనండి. డబ్బు విషయంలో ‘ముందుచూపు’ సరిపోతుంది. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్నాడు’ అంటే ఇంకా నిండుగా ఉంటుంది. కష్టమైన వ్యవహారాన్ని నష్టం లేకుండా తేల్చితే ‘కర్ర విరగకుండా పామును చంపాడు’ అన్నదానికి మించిన అనువాదం నాకు దొరకలేదు.

రాజకీయ నాయకుల విషయంలో మన పత్రికలు ‘అపర చాణక్యుడు’ వైపు పరుగెత్తుతాయి. అది క్యానీ కంటే చాలా పెద్ద మాట. క్యానీ నాయకుడంటే పొత్తుల దగ్గరా, టిక్కెట్ల దగ్గరా తొందరపడి మాట జారని మనిషి, అంతవరకే. జిత్తులమారి, టక్కరి అన్నవి మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఆరో అడుగు: వాక్యంలో కూర్చడం

ఇది విశేషణం. పోలికల్లో క్యానియర్, క్యానియెస్ట్ అవుతుంది. క్రియకి జోడించాలంటే క్యానిలీ, నామవాచకంగా క్యానీనెస్. చివరిది పుస్తకాల్లోనే ఎక్కువ. దీని పక్కన సహజంగా కూర్చునే మాటలు కొన్నే: ఇన్వెస్టర్, బిజినెస్‌మన్, షాపర్, నెగోషియేటర్, పొలిటీషియన్, ఆపరేటర్. పనుల్లో మూవ్, డెసిషన్, డీల్, మార్కెటింగ్. వస్తువులకి మామూలుగా తగిలించరు. ‘క్యానీ ఫోన్’ అని ఉండదు.

‘టూ క్యానీ టు’ అన్న నిర్మాణం మాత్రం తప్పక నేర్చుకోండి. ‘షి వాజ్ టూ క్యానీ టు సైన్ ఎనీథింగ్ దట్ డే.’ అంటే ఆవిడ అంత తేలిగ్గా బుట్టలో పడే మనిషి కాదు, ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ‘టూ’ చూసి మరీ అతి అనుకోవద్దు. ఉచ్చులో పడలేదన్న మెచ్చుకోలు అది.

ఏడో అడుగు: స్కాట్లాండ్, న్యూకాసిల్ వాడుక తెలుసుకోవడం

ఈ మాట పుట్టింట్లో దీని అర్థాలు మనం నేర్చుకున్నదానికంటే చాలా మెత్తన. స్కాట్లాండ్ పాత వాడుకలో క్యానీ అంటే నెమ్మదైన, సౌమ్యమైన, క్షేమకరమైన అని కూడా. మంత్రసానిని ‘క్యానీ వైఫ్’ అనేవారు. అక్కడ ‘వైఫ్’ అంటే భార్య కాదు, స్త్రీ. పురుడు పోయడం తెలిసిన, నమ్మి ప్రాణం అప్పగించదగిన ఆడమనిషి అన్నమాట. ఫ్రెంచివాళ్లు కూడా మంత్రసానిని ‘సాజ్ ఫామ్’, అంటే వివేకం గల స్త్రీ అనే అంటారు. నిఘంటువుల్లోని ‘ష్రూడ్’ అన్న గట్టి అర్థం చూశాక ఈ వాడుక చూస్తే, ఈ మాటకి మోసపు మసి ఎందుకు అంటలేదో అర్థమవుతుంది. జాగ్రత్తగల చేతులు, తెలిసిన చేతులు అన్న భావం దీని అడుగున ఉంది.

‘కా క్యానీ’ అని ఇంకొక స్కాట్ పలుకుబడి ఉంది. ‘కా’ అంటే తోలడం. బండి మెల్లగా తోలు, చూసుకుని వెళ్లు అని. ఇది కార్మికోద్యమ చరిత్రలోకి ఎక్కింది. 1889లో గ్లాస్గో రేవు కూలీలు జీతాలు పెంచమని సమ్మె చేశారు. యజమానులు పల్లెల నుంచి వ్యవసాయ కూలీలను తెచ్చి పని నడిపించారు. సమ్మె ఓడిపోయింది, కూలీలు పాత జీతానికే తిరిగి వచ్చారు. అప్పుడు యూనియన్ నాయకుడు వాళ్లకి చెప్పిన ఉపాయం ఇలా ఉంటుంది: ‘ఆ పల్లెటూరి వాళ్ల పనితో తృప్తిపడ్డామని దొరలే అన్నారు. వాళ్లకి ఓడ మీద కాలు నిలిచేది కాదు, మనవాడు ఒక్కడు చేసే పని ఇద్దరు చేసేవాళ్లు కాదు. మీరూ అలాగే చేయండి.’ సమ్మె లేదు, గొడవ లేదు, నియమం తప్పింది లేదు. సరుకు మాత్రం కదలదు. కొద్ది రోజులకే యజమానులు దిగివచ్చారని చెబుతారు. తర్వాత ఓడల, రేవుల కార్మిక సంఘాలు దీన్ని ‘కా క్యానీ’ పేరుతోనే పోరాట పద్ధతిగా ప్రచారం చేశాయి. మనం ‘గో స్లో’ సమ్మె అనేది ఇదే.

డబ్బు జాగ్రత్త అన్న అర్థం కూడా స్కాట్లాండ్‌తో ముడిపడింది. 1810లో రూత్‌వెల్ అనే చిన్న ఊళ్లో హెన్రీ డంకన్ అనే పాదిరి పేదల కోసం పొదుపు బ్యాంకు పెట్టాడు. అప్పట్లో మామూలు బ్యాంకులో ఖాతా తెరవాలంటే 10 పౌండ్లు కావాలి. ఆయన 6 పెన్నీలకే తెరిపించాడు. ఆ జాగ్రత్తను గౌరవించాల్సింది పోయి, ‘క్యానీ స్కాట్’ అంటే పిసినారి స్కాట్ అని జోకులు పుట్టాయి. అందుకే స్కాట్లాండ్ మనిషి ఎదురుగా ఆ రెండు మాటలూ కలిపి వాడకండి.

ఈశాన్య ఇంగ్లండ్‌లో, అంటే న్యూకాసిల్, సండర్‌లాండ్, డరమ్ వైపు, కథ మళ్లీ మారుతుంది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు చాలామందికి ఇది మొదట బస్సులోనో, పార్ట్‌టైమ్ పని దగ్గరో వినపడుతుంది. ‘హీజ్ ఎ క్యానీ లాడ్’ అంటే మంచి కుర్రాడు, కలుపుగోలు మనిషి అని, లౌక్యుడు అని కాదు. ఎలా ఉన్నావంటే ‘క్యానీ’ అంటారు, బాగానే ఉన్నానని. ‘క్యానీ గుడ్’ అంటే బాగానే ఉంది, ‘ఎ క్యానీ ఫ్యూ’ అంటే చాలామందే. వెళ్లొస్తామన్నప్పుడు ‘గాన్ క్యానీ’ అంటారు. మన ఇంట్లోవాళ్లు గుమ్మం దాకా వచ్చి ‘జాగ్రత్తగా వెళ్లు’ అనడంలో ఎంత ఆప్యాయత ఉందో అందులో అంత ఉంది. అక్కడ మిమ్మల్ని ఎవరైనా క్యానీ అంటే అనుమానించకండి, సంతోషంగా థ్యాంక్స్ చెప్పండి.

ఎనిమిదో అడుగు: ‘అన్‌క్యానీ’ని వేరుగా పెట్టుకోవడం

‘అన్’ చేరిస్తే వ్యతిరేకార్థం వస్తుందన్న సూత్రం ఇక్కడ నేరుగా పనికిరాదు. అన్‌క్యానీ అంటే తెలివిలేని అని కాదు. స్కాట్లాండ్‌లో క్యానీకి ‘క్షేమకరం’ అన్న అర్థం ఉందన్నాను కదా, ఇది దానికి వ్యతిరేకం. జోలికి పోకూడనిది, దయ్యం గాలి తగిలినట్టున్నది అన్న భావం అక్కడి నుంచి వచ్చి, ఇప్పుడు ‘ఒళ్లు జలదరించేంత వింత’గా స్థిరపడింది. మనోవిశ్లేషణ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ 1919లో ఇలాంటి వింత భయం మీద జర్మన్‌లో రాసిన వ్యాసానికి ఇంగ్లిష్‌లో ఈ పేరే పెట్టారు. 1970లో జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి, మనిషికి బాగా దగ్గరగా ఉండి కూడా పూర్తిగా మనిషి కాని బొమ్మ చూస్తే కలిగే జుగుప్స గురించి రాశాడు. అచ్చం మనిషి చెయ్యిలాగే ఉన్న కృత్రిమ హస్తాన్ని పట్టుకున్నప్పుడు తగిలే చల్లదనం ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. దాని ఇంగ్లిష్ పేరు ‘అన్‌క్యానీ వ్యాలీ’. టీవీలో ఏఐ యాంకర్ నవ్వినప్పుడు మనకి కలిగే ఇబ్బంది అదే. మామూలు వాడుకలో ‘అన్‌క్యానీ రిజెంబ్లెన్స్’ అంటే అచ్చుగుద్దినట్టున్న పోలిక, అందులో భయం ఉండక్కర్లేదు.

తొమ్మిదో అడుగు: ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం

సిఫారసు లేఖలో వద్దు. ‘మా విద్యార్థి క్యానీ’ అని ప్రొఫెసర్ రాస్తే, చదివేవాళ్లు ఆ విద్యార్థితో జాగ్రత్తగా ఉండాలేమో అనుకుంటారు. డాక్టర్లకి, టీచర్లకి, సేవ చేసేవాళ్లకి కూడా నప్పదు. వాళ్ల పనిలో మనం మెచ్చుకునేది స్వలాభం మీది కన్ను కాదు. వ్యాపారం, బేరం, ఆట, రాజకీయం ఉన్నచోట నిర్భయంగా వాడండి.

పదో అడుగు: సాధన

కింది సందర్భాలకి ఏ మాట సరిపోతుందో ముందు మీరు అనుకుని, తర్వాత నా జవాబు చూడండి.

జీతం పడగానే 5 వేలు ఆర్డీలో వేసి, మిగతాదే ఖర్చుపెట్టే ఉద్యోగి. ఇతను ప్రూడెంట్, థ్రిఫ్టీ కూడా. అవకాశం పసిగట్టడం ఇందులో లేదు కాబట్టి క్యానీ అక్కర్లేదు.

వేరే సర్వే నంబరు చూపించి స్థలం అంటగట్టిన బ్రోకరు. కన్నింగ్ అన్నా తక్కువే, క్రూకెడ్ అనండి.

చీరల కొట్టులో ధర తగ్గకపోతే లేచి నాలుగడుగులు వేసి, కొట్టువాడు పిలిచేదాకా వెనక్కి తిరగని పిన్నిగారు. క్యానీ షాపర్. ష్రూడ్ అన్నా తప్పులేదు.

ఫోన్‌లో కొడుకు గొంతు వింటే చనిపోయిన తండ్రే మాట్లాడుతున్నట్టుండటం. అన్‌క్యానీ.

గుంటూరు వైపు మిర్చి రైతు. ధర బాగుందని పంటంతా ఒకేరోజు యార్డుకి తోలలేదు, ఇంకా పెరుగుతుందని మొత్తం దాచుకోనూ లేదు. అప్పు తీరేంత వరకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అమ్మి, మిగతావి కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అద్దె ఎంత పడుతుందో, ఎన్ని నెలలు ఆగితే గిట్టుతుందో ముందే లెక్క వేసుకున్నాడు. ఇతను నూటికి నూరుపాళ్లు క్యానీ. ఇంగ్లిష్‌లో రాయమంటే ఇలా రాస్తాను: ‘ఎ క్యానీ ఫార్మర్, హి సోల్డ్ జస్ట్ ఎనఫ్ టు క్లియర్ హిజ్ డెట్ అండ్ కెప్ట్ ది రెస్ట్ ఇన్ కోల్డ్ స్టోరేజ్.’ ధర పడిపోయినా అతనికి అప్పుల బాధ లేదు, పెరిగితే అమ్మడానికి సరుకుంది.